డ్యూక్ ఎలింగ్టన్: పాటలు పోషించిన మేళం

ఎడ్వర్డ్ కెనడీ ఎలింగ్టన్ 1899 ఏప్రిల్ 29న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తండ్రి జేమ్స్ ఎడ్వర్డ్ ఒక పేరున్న వైద్యుడి ఇంట్లో బట్లరు. శ్వేతసౌధంలో పెద్ద విందులు జరిగితే అప్పుడప్పుడు వడ్డనకు వెళ్లేవాడు. తల్లి డైజీకి కొడుకంటే ప్రాణం. ఇంట్లో సంపద పెద్దగా లేకపోయినా మాటతీరుకు, కట్టూబొట్టుకు, భోజనాల బల్ల దగ్గర మర్యాదకు లోటు ఉండేది కాదు. ఆ పెంపకం కుర్రవాడి నడకలోనూ తొడుక్కున్న బట్టల్లోనూ కనిపించేది. అది చూసే స్నేహితుడొకడు అతన్ని ‘డ్యూక్’ అన్నాడు. ఇంగ్లండు ప్రభువుల బిరుదు అది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆ తర్వాత కాగితాలకే పరిమితమైంది.

తల్లిదండ్రులిద్దరికీ పియానో వచ్చు. ఏడేళ్ల వయసులో మారియెట్టా క్లింక్‌స్కేల్స్ అనే ఉపాధ్యాయురాలి దగ్గర పాఠాలు మొదలుపెట్టించారు గాని పిల్లవాడి ధ్యాసంతా బేస్‌బాల్ మీద ఉండేది. ఆటలు చూడటం కోసమే మైదానంలో పల్లీలు అమ్మాడు. పియానో మీద మనసు నిలిచింది యౌవనంలోకి అడుగుపెడుతున్న రోజుల్లో, ఫ్రాంక్ హాలిడే బిలియర్డ్స్ గదికి చాటుగా వెళ్లడం మొదలయ్యాక. ఊళ్లోని పియానో వాద్యకారులు అక్కడ చేరేవారు. వారిలో సంగీతశాస్త్రం చదివినవారూ ఉన్నారు, చెవితోనే నేర్చుకున్నవారూ ఉన్నారు. రెండు రకాల వారి వేళ్లనూ అతను దగ్గరగా చూసి పట్టుకున్నాడు. 1914 ప్రాంతంలో ఒక సోడా దుకాణంలో పనిచేస్తూ ‘సోడా ఫౌంటెన్ రాగ్’ కట్టాడు. అప్పటికి స్వరాలు కాగితం మీద పెట్టడం రాదు. తర్వాత హెన్రీ గ్రాంట్ అనే ఉపాధ్యాయుడు హార్మొనీ నేర్పాడు. సంగీత కళాశాల మెట్లు మాత్రం అతను ఎక్కలేదు.

చిత్రలేఖనంలోనూ అతనికి మంచి చెయ్యి ఉండేది. బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ఉపకారవేతనాన్ని వదులుకున్నాడు గాని ఆ విద్యను వృథా పోనివ్వలేదు. బోర్డులు రాసే దుకాణం పెట్టాడు. డ్యాన్సు కార్యక్రమానికి ప్రకటన రాయించుకోవడానికి ఎవరైనా వస్తే, ‘మరి వాయించేవాళ్లు కుదిరారా?’ అని అడిగేవాడు. కుదరలేదంటే తన జట్టును ఒప్పందం చేసుకునేవాడు. ఇరవై ఏళ్లు నిండకముందే పెళ్లి అయింది, కొడుకు మెర్సర్ పుట్టాడు, ఆపై సొంత ఇల్లూ అమరింది. వాయించడం ఒకటైతే, వాయించే పని సంపాదించడం ఇంకొకటని అప్పుడే అతనికి తెలుసు.

1923లో స్నేహితులతో కలిసి న్యూయార్క్ చేరాడు. ‘వాషింగ్టోనియన్స్’ అనే ఆ చిన్న జట్టుకు మొదట బాంజో వాద్యకారుడు ఎల్మర్ స్నోడెన్ నాయకుడు. డబ్బు పంపకాల్లో తేడాలొచ్చి 1924లో అతను వెళ్లిపోగా, పగ్గాలు ఎలింగ్టన్ చేతికి వచ్చాయి. వారు వాయించినది బ్రాడ్‌వే దగ్గర, నేలమాళిగలోని ఒక క్లబ్బులో. అప్పటిదాకా ఆ జట్టు సంగీతం నాజూకుగా, పెద్దమనుషుల డ్యాన్సులకు తగినట్టుగా ఉండేది. బబ్బర్ మైలీ అనే ట్రంపెట్ వాద్యకారుడు చేరాక దాని గొంతే మారింది. నీళ్ల గొట్టాలు బాగుచేసేవారి దగ్గర ఉండే రబ్బరు డిప్పను ట్రంపెట్ మూతికి అడ్డంగా ఆడిస్తూ, గొంతులోంచి గుర్రుమంటూ ఊదేవాడు మైలీ. వాద్యం ఏడ్చినట్టు, దెబ్బలాడినట్టు, మాట్లాడినట్టు ఉండేది. ‘ట్రికీ శామ్’ నాంటన్ ఆ విద్యనే ట్రాంబోన్ మీదికి తెచ్చాడు. ఈ వింత గొంతులను వదిలించుకోవాల్సిన మొరటుతనంగా ఎలింగ్టన్ చూడలేదు, వాటి చుట్టూ సంగీతం కట్టాడు. 1926, 1927లలో వచ్చిన ‘ఈస్ట్ సెయింట్ లూయీ టూడుల్-ఊ’, ‘బ్లాక్ అండ్ టాన్ ఫాంటసీ’ అలా మైలీతో కలిసి అల్లినవే.

1926లో ఇర్వింగ్ మిల్స్ అనే సంగీత ప్రచురణకర్త అతనికి మేనేజరయ్యాడు. ఎలింగ్టన్ చరిత్రలో ఇతన్ని గురించి ఒకే మాటలో తీర్పు చెప్పడం కష్టం. రికార్డు కంపెనీల తలుపులు తీయించాడు, మేళానికి గౌరవమైన ప్రచారం కల్పించాడు, సొంత బాణీలే వాయించమని ప్రోత్సహించాడు. ఆదాయంలో దాదాపు సగం వాటా తీసుకున్నాడు. తాను ఒక్క స్వరమైనా కట్టని పాటలకు సైతం సహరచయితగా తన పేరు వేయించుకుని రాయల్టీలో భాగం పొందాడు. ఆ రోజుల్లో ప్రచురణకర్తల అలవాటే అది. నల్లవారికి ఆ వ్యాపారంలో వేరే దారి దాదాపు లేదు కనుక ఎలింగ్టన్ ఆ మూల్యం చెల్లించాడు. 1939లో తెగతెంపులు చేసుకునేదాకా చెల్లిస్తూనే వచ్చాడు.

1927 డిసెంబరు 4న ఆ మేళం హార్లెమ్‌లోని కాటన్ క్లబ్బులో అడుగుపెట్టింది. న్యూ ఆర్లీన్స్ కోర్నెట్ విద్వాంసుడు కింగ్ ఆలివర్ జీతం చాలదని కాదన్న ఉద్యోగం అది. క్లబ్బు యజమాని ఓవెన్ మాడెన్ దొంగసారా వ్యాపారం చేసే ముఠానాయకుడు. ఆడేవారు, పాడేవారు, వాయించేవారు నల్లవారు. బల్లల దగ్గర కూర్చునే వారు మాత్రం తెల్లవారు. నల్లజాతి పేటలోనే ఉన్న ఆ క్లబ్బులోకి నల్లవారికి ప్రవేశం లేదు. ‘అడవి సంగీతం’ అని ప్రచారం చేసి అమ్మిన ఆ ప్రదర్శనల వెనుక ఎలింగ్టన్ చేస్తున్న పని వేరు. ఎప్పటికప్పుడు కొత్త నృత్యాలకు, కొత్త దృశ్యాలకు సంగీతం రాయాలి. ఏ రంగుకు ఏ వాద్యాలు కలపాలో రోజూ పరీక్షించుకునే ప్రయోగశాల అతనికి దొరికింది. అక్కడి నుంచి రేడియోలో దేశమంతటా వెళ్లిన ప్రసారాలు ఆ క్లబ్బు గడప తొక్కలేని వారి ఇళ్లకూ అతని సంగీతాన్ని చేర్చాయి.

కాటన్ క్లబ్బులో ఉన్న ఆ ఏళ్లలోనే అతని మేళం నిండైంది. బిగ్ బ్యాండ్ అంటే మూడు దళాలు. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఒక దళం, శాక్సఫోన్లూ క్లారినెట్లూ ఒకటి, పియానో, బేస్, గిటార్ లేదా బాంజో, డ్రమ్స్ కలిసి లయ దళం. 1920లలో పదీ పదకొండు మందితో మొదలై, తర్వాతి దశాబ్దాల్లో పదిహేను దాటింది. మిగతా నాయకులు సాధారణంగా ఈ దళాలను ఒకదానికొకటి జవాబు చెప్పుకునేట్టు రాసేవారు. ఎలింగ్టన్ దళాల గోడలు తీసేశాడు. ఇందుకు 1930లో రికార్డు చేసిన ‘మూడ్ ఇండిగో’ చక్కని ఉదాహరణ. మామూలుగా క్లారినెట్ పైస్థాయిలోనూ, ట్రంపెట్ మధ్యలోనూ, ట్రాంబోన్ కిందా ఉండాలి. ఇతను ఆ వరుసను తలకిందులు చేశాడు. మూతి మూసిన ట్రంపెట్‌ను పైన పెట్టి, దానికి ఆనించినట్టు ట్రాంబోన్‌ను దాని ఎత్తైన స్థాయిలో ఊదించి, క్లారినెట్‌ను అడుగున మంద్రంలోకి దించాడు. మూడు వాద్యాలూ కలిసి నాలుగోదేదో మోగుతున్నట్టు వినిపిస్తుంది. ఆ రంగును ఎలా సాధించాడో కాగితం మీద చూస్తే తెలుస్తుంది గాని వింటున్నప్పుడు మాత్రం నమ్మబుద్ధి కాదు.

అతను రాసేది వాద్యానికి కాదు, మనిషికి. ఆల్టో శాక్సఫోన్ అని రాసుకునేవాడు కాదు, జానీ హోడ్జెస్ అని రాసుకునేవాడు. స్వరం నుంచి స్వరానికి జారుతూ తేనెలా సాగే హోడ్జెస్ నాదం, బారిటోన్ శాక్సఫోన్‌లో హ్యారీ కార్నీ లోతు, మైలీ స్థానంలో వచ్చిన కూటీ విలియమ్స్ గుర్రుమనే ట్రంపెట్, ప్యూర్టో రికో నుంచి వచ్చిన హువాన్ టిజోల్ వాల్వ్ ట్రాంబోన్, ఒక్కొక్కటి ఒక్కో రంగు. అందుకే మనుషులు వెళ్లిపోతే అతనికి నష్టం రెండింతలు. అందుకే వారిని ఎలాగైనా నిలబెట్టుకోవాలని చూసేవాడు. క్రమశిక్షణ గురించి పట్టుబట్టేవాడు కాదు. ఆలస్యంగా వచ్చినా, తాగి వచ్చినా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా సర్దుకుపోయేవాడు. కార్నీ 1927లో పదిహేడేళ్ల కుర్రవాడిగా చేరి నాయకుడి చావు దాకా ఉన్నాడు. ఊరికీ ఊరికీ మధ్య ఎలింగ్టన్‌ను తన కారులో తీసుకెళ్లింది అతనే. పక్క సీట్లో కూర్చుని ఎలింగ్టన్ కొత్త సంగీతం రాసుకునేవాడు.

బాణీలు కూడా చాలావరకు ఈ మనుషుల దగ్గరే పుట్టాయి. హోడ్జెస్ సరదాగా ఊదిన ఒక ముక్కో, కూటీ కచేరీకి ముందు వాద్యాన్ని సవరించుకుంటూ తిప్పిన పల్లవో విని, దాన్ని పట్టుకుని, పెంచి, చుట్టూ హార్మొనీ కట్టేవాడు. కొన్నిసార్లు వారికి కొద్ది డాలర్లు చేతిలో పెట్టేవాడు. పాట ఊరంతా పాడేదయ్యాక ఆ కొద్ది డాలర్లు వారికి చేదుగానే ఉండేవి. ఆ చేదుకు కారణముంది. అయితే అవే ముక్కలు వారి చేతుల్లో పాటలు కాలేదన్నది కూడా అంతే నిజం.

1930లలో పాటలు వరుసగా వచ్చాయి: 1932లో ‘ఇట్ డోంట్ మీన్ ఎ థింగ్’, 1933లో ‘సోఫిస్టికేటెడ్ లేడీ’, 1934లో ‘సాలిట్యూడ్’, 1935లో ‘ఇన్ ఎ సెంటిమెంటల్ మూడ్’, 1936లో టిజోల్‌తో కలిసి ‘కారవాన్’. వీటిలో మొదటిది, ‘స్వింగ్’ అనే మాట ఒక యుగానికి పేరు కాకముందే దాన్ని పాటలో నిలబెట్టింది. చాలా పాటలు ముందు మాటల్లేని వాద్యసంగీతంగా పుట్టి, తర్వాత మరొకరి చేత సాహిత్యం తొడిగించుకున్నవే. 1940లో కూటీ కోసం రాసిన కచేరీ రచన ‘కన్‌చెర్టో ఫర్ కూటీ’, బాబ్ రస్సెల్ మాటలు చేర్చాక ‘డు నథింగ్ టిల్ యూ హియర్ ఫ్రమ్ మీ’ అయింది. అదే ఏడాది హోడ్జెస్ ఊదిన ‘నెవర్ నో లమెంట్’ రెండేళ్లకు ‘డోంట్ గెట్ అరౌండ్ మచ్ ఎనీమోర్’గా మారి యుద్ధకాలపు ఇళ్లలో మారుమోగింది. పాట అచ్చయిన ప్రతి కాగితానికీ, అమ్ముడైన ప్రతి రికార్డుకూ, రేడియోలో పలికిన ప్రతిసారీ రచయితకు కొంత సొమ్ము వస్తుంది. ఆ సొమ్మే తర్వాతి ముప్పై ఏళ్లూ మేళం జీతాలకు వెళ్లింది.

పేరు పెరిగినా దక్షిణ రాష్ట్రాల్లో నల్ల మేళానికి బస చేసే హోటలు గాని అన్నం పెట్టే భోజనశాల గాని దొరికేది కాదు. 1930లలో అటు వెళ్లినప్పుడు మేళం సొంతానికి పుల్‌మన్ రైలుపెట్టెలు అద్దెకు తీసుకుంది. స్టేషన్లో పక్క పట్టాల మీద పెట్టెను నిలిపి, అందులోనే తిని, అందులోనే పడుకుని, కచేరీకి వెళ్లి వచ్చేవారు. 1933లో ఇంగ్లండు వెళితే అక్కడి విమర్శకులు అతన్ని గంభీరమైన స్వరకర్తల వరుసలో పెట్టి రాశారు. సొంత దేశంలో డ్యాన్సు మేళం నాయకుడిగానే చూసేవారు.

అప్పటి పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. ఎలింగ్టన్ గొప్ప రచనలు చాలావరకు ఆ మూడు నిమిషాల్లోనే ఒదిగాయి. ఆ ఇరుకులో అతను చూపిన పనితనం పెద్ద రచనల కన్నా మిన్న అనే వాదన ఉంది, అందులో బలమూ ఉంది. అయినా ఆ గడియారం అతన్ని చికాకు పెట్టేది. 1935లో తల్లి చనిపోయినప్పుడు రాసిన ‘రెమినిసింగ్ ఇన్ టెంపో’ నాలుగు వైపులు ఆక్రమించింది. 1943 జనవరి 23న కార్నెగీ హాలులో ‘బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్’ వినిపించాడు. అమెరికాలో నల్లవారి చరిత్రను ముప్పావు గంట సంగీతంగా చెప్పిన రచన అది. విమర్శకులు పెదవి విరిచారు. శాస్త్రీయ సంగీతం వైపు వారికి రూపం వదులుగా తోచింది, జాజ్ వైపు వారికి స్వింగ్ తక్కువైంది. ఎలింగ్టన్ మనసు నొచ్చుకుని, ఆ రచనను ఆ తర్వాత ముక్కలుగా తప్ప పూర్తిగా వాయించింది బహు తక్కువ.

ఈ దశలో అతని పక్కన ఇంకొక మనిషి ఉన్నాడు. 1938 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో కచేరీ తర్వాత ఒక యువకుడు తెర వెనుకకు వచ్చి పియానో వాయించి చూపించాడు. పేరు బిల్లీ స్ట్రేహార్న్, వయసు ఇరవై మూడు. మరుసటి ఏడాదే మేళానికి రాయడం మొదలుపెట్టి, 1967లో క్యాన్సర్‌తో చనిపోయేదాకా ఎలింగ్టన్‌తోనే ఉన్నాడు. 1941 జనవరిలో రచయితల హక్కుల సంఘం ఆస్కాప్ రుసుము పెంచగా, రేడియో కంపెనీలు ఆ సంఘ సభ్యుల పాటలను వాయించడం మానేశాయి. ఎలింగ్టన్ సభ్యుడు కనుక రాత్రికి రాత్రి అతని మేళానికి అతని పాటలే రేడియోలో నిషిద్ధమయ్యాయి. సభ్యత్వం లేని స్ట్రేహార్న్, మెర్సర్ కూర్చుని కొత్త సంగీతం రాసిపెట్టారు. అలా ముందుకొచ్చిన స్ట్రేహార్న్ రచన ‘టేక్ ది ఎ ట్రెయిన్’ మేళం ముఖగీతమైంది, చివరిదాకా అదే ముఖగీతం. ఎలింగ్టన్ పేరు చెప్పగానే లోకానికి మొదట గుర్తొచ్చే బాణీ అతనిది కాదు. ఇద్దరూ కలిసి రాసిన అనేక రచనల్లో స్ట్రేహార్న్ పేరు చాలా ఏళ్లు చిన్న అక్షరాల్లోనే ఉంది, కొన్నిటిలో అసలే లేదు. ఆ లెక్క సరిచేయడానికి పరిశోధకులు దశాబ్దాలు శ్రమించాల్సి వచ్చింది.

1940–42 నాటి మేళాన్ని అతని మేళాల్లో అత్యుత్తమంగా చాలామంది ఎంచుతారు. బేస్ వాద్యాన్ని లయకాపరి స్థానం నుంచి పాడే గొంతుగా మార్చిన జిమ్మీ బ్లాంటన్, టెనర్ శాక్సఫోన్‌లో బెన్ వెబ్‌స్టర్ అప్పుడే ఉన్నారు. ‘కో-కో’, ‘కాటన్ టెయిల్’ ఆ ఏళ్ల పంట. క్షయ వ్యాధితో బ్లాంటన్ 1942లో పోయాడు, ఇరవై మూడేళ్లకే.

యుద్ధం ముగిశాక బిగ్ బ్యాండ్ల కాలం చెల్లిపోయింది. డ్యాన్సు జరిగే క్లబ్బుల మీద సమాఖ్య ప్రభుత్వం యుద్ధకాలంలో వేసిన 20 శాతం పన్ను కొనసాగింది. రైలు చార్జీలు, జీతాలు పెరిగాయి. 1942లో మొదలైన వాద్యకారుల సంఘం రికార్డింగు సమ్మె కాలంలో గాయకులు సొంతంగా తారలయ్యారు. తర్వాత ఇళ్లలోకి టెలివిజన్ వచ్చింది. 1946 డిసెంబరు ఒక్క నెలలోనే బెన్నీ గుడ్‌మన్, హ్యారీ జేమ్స్, వుడీ హెర్మన్ సహా అరడజనుకు పైగా పేరున్న నాయకులు మేళాలను రద్దు చేసుకున్నారు. ఎలింగ్టన్ రద్దు చేయలేదు. కచేరీల మీద వచ్చేది ఖర్చులకు చాలని ఏళ్లలో పాటల రాయల్టీలు తెచ్చి అందులో పోశాడు. అతను ఇంట్లో హాయిగా కూర్చుని ఆ డబ్బుతో బతకగలిగేవాడే. అయితే ఈ రోజు రాసింది రేపు వినాలి, ఆ మనుషుల చేతుల్లోనే వినాలి. ఆ కోరిక కోసం పదిహేను మందికి పైగా ఏడాది పొడవునా జీతమిచ్చి రోడ్ల మీద తిప్పాడు. అతని జీవితంలో ఇంతకన్నా పెద్ద నిర్ణయం కనిపించదు.

1951లో హోడ్జెస్, ట్రాంబోన్ వాద్యకారుడు లారెన్స్ బ్రౌన్, మొదటినుంచీ ఉన్న డ్రమ్మర్ సోనీ గ్రీర్ ముగ్గురూ ఒక్కసారిగా వెళ్లిపోయారు. హ్యారీ జేమ్స్ మేళం నుంచి ముగ్గురిని తెచ్చి కంత పూడ్చాడు. 1953లో ‘సాటిన్ డాల్’ రాశాడు. 1955 వేసవిలో ఆ మేళం న్యూయార్క్ శివార్లలో ఒక జలక్రీడల వినోద ప్రదర్శనకు వాయించే స్థితికి వచ్చింది. కథ అయిపోయిందని పత్రికలవారు అనుకున్నారు.

1956 జూలై 7న న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో చివరి మేళంగా అర్ధరాత్రి సమీపంలో వేదికెక్కారు. జనం లేచి వెళ్లిపోతున్నారు. 1937 నాటి పాత రచన ‘డిమినుయెండో అండ్ క్రెషెండో ఇన్ బ్లూ’ మొదలుపెట్టాడు ఎలింగ్టన్. దాని రెండు భాగాల మధ్య టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్ లేచి, బ్లూస్ ఆవర్తాన్ని ఆపకుండా 27 సార్లు తిప్పాడు. ఒక యువతి లేచి ఆడసాగింది. తర్వాత వేల మంది కుర్చీల మీదికెక్కారు. ఆగస్టులో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా ఎలింగ్టన్ వచ్చాడు. ఆ కచేరీ ఆల్బమ్ అతని జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది. విచిత్రమేమిటంటే గొన్సాల్వెస్ ఆ రాత్రి రికార్డు కంపెనీ మైకులో కాకుండా పక్కనున్న ప్రభుత్వ రేడియో మైకులో ఊదాడు. ఆల్బమ్‌లో మరికొంత భాగాన్ని స్టూడియోలో మళ్లీ వాయించి చప్పట్లు అతికించారు. అసలు కచేరీని అసలుగా విడుదల చేసింది 1999లోనే.

న్యూపోర్ట్ తర్వాత ఎలింగ్టన్, స్ట్రేహార్న్ పెద్ద రచనల వైపు ధైర్యంగా తిరిగారు. షేక్‌స్పియర్ పాత్రల మీద ‘సచ్ స్వీట్ థండర్’ వచ్చింది. ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ సినిమాకు 1959లో సంగీతం చేశారు. 1963 శరత్కాలంలో అమెరికా విదేశాంగ శాఖ ఆ మేళాన్ని పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాలకు పంపింది. డమాస్కస్, కాబూల్ దాటి ఢిల్లీ, మద్రాసు, బొంబాయి నగరాల్లో కచేరీలు జరిగాయి.  మేళం టర్కీ రాజధాని అంకారాలో ఉండగా నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరిగింది, యాత్ర అక్కడితో ఆగిపోయింది. ఆ ప్రయాణం నుంచి పుట్టిన ‘ఫార్ ఈస్ట్ స్వీట్’ను 1966 డిసెంబరులో రికార్డు చేశారు. విన్న రాగాలను అరువు తెచ్చుకోలేదు, చూసినదాన్ని తమ భాషలోనే చెప్పారు. ఢిల్లీలో స్ట్రేహార్న్‌కు రోజూ వినిపించిన గోరువంక కూత అందులో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ అయింది. ఆగ్రాను హ్యారీ కార్నీ బారిటోన్ మోసింది.

1965లో పులిట్జర్ బహుమతి న్యాయనిర్ణేతలు ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వాలని సిఫారసు చేస్తే, బోర్డు తిరస్కరించింది. నిరసనగా ఇద్దరు న్యాయనిర్ణేతలు రాజీనామా చేశారు. అరవై ఆరేళ్ల ఎలింగ్టన్ దాన్ని నవ్వుతూ దాటవేశాడు గాని, అది జాజ్‌కూ దాన్ని సృష్టించిన నల్లజాతికీ జరిగిన అవమానం. అదే ఏడాది సెప్టెంబరు 16న శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథెడ్రల్‌లో తన మొదటి ‘సేక్రెడ్ కాన్సర్ట్’ వినిపించాడు. చర్చిలో డ్రమ్సూ నృత్యమూ ఏమిటన్న అభ్యంతరాలు వచ్చాయి. తన రచనలన్నిటిలో ముఖ్యమైనవి ఇవేనని అతను నమ్మాడు. రెండోది 1968లో న్యూయార్క్‌లోనూ, మూడోది 1973 అక్టోబరులో లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబేలోనూ జరిగాయి.

1969 ఏప్రిల్ 29న, డెబ్బయ్యో పుట్టినరోజున, అధ్యక్షుడు నిక్సన్ శ్వేతసౌధంలో విందు ఇచ్చి ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ బహూకరించాడు. ఒకప్పుడు తండ్రి వడ్డించిన ఇంట్లో ఆ రాత్రి కొడుకు ముఖ్య అతిథి.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన తర్వాత కూడా కచేరీలు మానలేదు. 1974 మే 24న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. సెయింట్ జాన్ ది డివైన్ కెథెడ్రల్‌లో జరిగిన అంత్యక్రియలకు పన్నెండు వేల మందికి పైగా వచ్చారు. బ్రాంక్స్‌లోని వుడ్‌లాన్ శ్మశానంలో ఖననం చేశారు. గొన్సాల్వెస్ అంతకు కొద్ది రోజుల ముందే లండన్‌లో పోయాడు. కార్నీ ఆ అక్టోబరులో పోయాడు. మేళం పగ్గాలు కొడుకు మెర్సర్ తీసుకున్నాడు. పులిట్జర్ ప్రత్యేక గౌరవం 1999లో, శతజయంతి ఏడాదిలో, మరణానంతరం వచ్చింది.

వెయ్యికి పైగా రచనల కాగితాలను 1988లో స్మిత్సోనియన్ సంస్థ సేకరించింది. వాటిలో వాద్యకారుల కోసం విడివిడిగా రాసిన పుటల మీద చాలాచోట్ల వాద్యం పేరు ఉండదు, మనిషి పేరే ఉంటుంది. ఇప్పుడు ఆ సంగీతాన్ని వాయించదలచిన మేళాలు ముందుగా పాత రికార్డులు విని, ఆ పేరుగల మనిషి ఎలా ఊదేవాడో నేర్చుకుని, అప్పుడు ఆ పుటను స్టాండు మీద పెట్టుకుంటాయి.